నలుగురి చేతులతో ఒక క్రోషే దుప్పటి: చదరాలన్నీ కలిసేలా అల్లుకోవడం ఎలా

ఒక్కరే కూర్చుని క్రోషే దుప్పటి అల్లడానికి ఓపిక ఉంటే చాలు. నలుగురు స్నేహితులు కలిసి ఒకే దుప్పటి అల్లాలనుకుంటే మాత్రం ఓపికతో పాటు ఒక కొలబద్ద, ఒక వంటింటి త్రాసు, సూది పట్టకముందే కుదుర్చుకున్న కొన్ని ఒప్పందాలు కావాలి. మా స్నేహబృందంలో ఒకరి కూతురు పురిటికి వచ్చినప్పుడు, బారసాల నాటికి పిల్లకు దుప్పటి ఇవ్వాలని నలుగురం చదరాలు పంచుకున్నాం. మొదటి విడతవి నా భోజనాల బల్ల మీద పరిచి చూస్తే ఒకరివి 12 సెంటీమీటర్లు, ఒకరివి 14, ఇంకొకరివి పదిహేనున్నర ఉన్నాయి. న్యూజెర్సీలో ఉండే స్నేహితురాలు వచ్చేవారి చేత పంపినవి కొలతకు సరిపోయాయి కాబట్టి సరే, లేకపోతే నాలుగు కొలతలయ్యేవి. అందరూ ఒకే నమూనా చూసి, ఒకే రకం దారంతో, 4 మిల్లీమీటర్ల సూదితోనే అల్లారు. వాటిని విప్పి తిరిగి అల్లుకునే క్రమంలో కుదిరిన పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

మీకు చైన్, స్లిప్ స్టిచ్ వేయడం వచ్చుననీ, సూది పట్టడం కొత్త కాదనీ అనుకుని రాస్తున్నాను.

కొలత, లెక్క

మొదట దుప్పటి ఎంత కావాలో నిర్ణయించి, దాన్నుంచి చదరం కొలతకు రండి. చదరం ఎంత వస్తే అంత అని మొదలుపెట్టడం ఒక్కరే అల్లేటప్పుడు చెల్లుతుంది కానీ నలుగురి మధ్య చెల్లదు. 14 సెంటీమీటర్ల చదరాలను అడ్డంగా 6, నిలువుగా 8 పేరిస్తే 48 అవుతాయి. దుప్పటి 84 సెంటీమీటర్ల వెడల్పు, 112 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. చుట్టూ 3 సెంటీమీటర్ల అంచు వేస్తే 90, 118 అవుతుంది. పసిపిల్లను ఒళ్ళో వేసుకున్నప్పుడు కప్పడానికీ, తర్వాత నేల మీద పరిచి ఆడించడానికీ ఇది సరిపోతుంది. 2016 జనవరి 31న చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం 11,148.5 చదరపు మీటర్ల దుప్పటిని పరిచి గిన్నిస్ రికార్డు సాధించింది. ఎవరి ఇంట్లో వారు అల్లినవి అంత విస్తీర్ణంలో ఒకదానికొకటి అతకాలంటే కొలత ముందే ఖాయమై ఉండాలి. మన 48 చదరాలకైనా అదే నియమం.

ఈ 48ని నాలుగుతో భాగించి తలా 12 ఇవ్వకండి. ముగ్గురికి 14 చొప్పున, నాలుగో వ్యక్తికి 6 ఇవ్వండి. ఆ నాలుగో వ్యక్తికి చివర్లో చాలా పని ఉంటుంది, దాని గురించి తర్వాత చెబుతాను. ప్రతివారూ తమ వంతుకు ఒక్కటి అదనంగా అల్లడం మంచిది. అన్నిటినీ పరిచినప్పుడు ఏదో ఒకటి రెండు తప్పకుండా ఒద్దికగా కుదరవు.

దారం

మన వాతావరణానికీ, పసిపిల్లకూ నూలు దారమే మేలు. దుకాణంలో ఉన్ని, యాక్రిలిక్ రెండింటినీ ఊలు అనే పిలుస్తారు కాబట్టి లేబుల్ చదివి కొనండి. లేబుల్ లేని చిలప అయితే చిన్న ముక్క తెంపి పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది, యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ముదురు రంగులనైతే తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి. ఎరుపు దిగితే ఒక్క ఉతుకుతో మిగతా చదరాలన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి.

ఎంత దారం కావాలో అంచనా వేయడానికి ఒక చదరం పూర్తిగా అల్లి తూచడమే నమ్మదగిన పద్ధతి. 8 ప్లై మందం ఉన్న నూలుతో, 4 మిల్లీమీటర్ల సూదితో నా చదరం 7 గ్రాములు తూగింది. అందులో లోపలి నాలుగు చుట్లకు రంగు దారం 4.7 గ్రాములు పట్టింది, చివరి చుట్టుకు మీగడ రంగు దారం 2.3 గ్రాములు పట్టింది. ఆ లెక్కన 14 చదరాలకు రంగు దారం దాదాపు 66 గ్రాములు, అంటే ఒక్కొక్కరికి 50 గ్రాముల ఉండలు రెండు కావాలి. 48 చదరాల చివరి చుట్టుకు, అంచుకు కలిపి మీగడ రంగు ఉండలు నాలుగు తీసుకుంటే కాస్త మిగులుతుంది కూడా. మీ చదరం 7 గ్రాములు కాక 8 తూగితే ఈ అంకెలన్నీ ఆ మేరకు పెంచుకోండి.

మీగడ రంగు మొత్తం ఒకేసారి, ఒకే లాట్ నంబరుది (ఒకే విడతలో రంగు వేసిన ఉండల లేబుల్ మీద ఉండే నంబరు) కొనండి. నేను మూడు ఉండలు ఒక రోజు, నాలుగోది మూడు వారాల తర్వాత కొన్నాను. రంగు పేరూ, దాని నంబరూ ఒక్కటే, లాట్ నంబరు మాత్రం వేరు. ట్యూబులైటు కింద ఆ తేడా కనిపించలేదు, డాబా మీద ఆరవేసినప్పుడు చివరి రెండు వరుసల చదరాలు పసుపు పూసినట్టు తేలాయి.

పేరు కాదు, చేత చెప్పుకోండి

కొలతల తేడా కన్నా పెద్ద పొరపాటు మా బృందంలో మాటల దగ్గర జరిగింది. రాజమండ్రి స్నేహితురాలు పాత బ్రిటిష్ పుస్తకాలు చూసి నేర్చుకుంది, న్యూజెర్సీ స్నేహితురాలు అమెరికా నమూనాలతో నేర్చుకుంది. అమెరికా వారు డబుల్ క్రోషే అనేదాన్ని బ్రిటిష్ పుస్తకాలు ట్రెబుల్ అంటాయి. బ్రిటిష్ వారి డబుల్ క్రోషే అమెరికా వారికి సింగిల్ క్రోషే. ఆ తేడా ఎరగక మేము పంపిన నమూనాలో డబుల్ అని ఉన్నచోటల్లా రాజమండ్రిలో తనకు తెలిసిన డబులే వేసింది. బల్ల మీదకు వచ్చిన చదరాల కన్నా ముందు, తను మొట్టమొదట అల్లి ఫొటో పెట్టిన ముక్క అరచేతి వెడల్పులో, గ్లాసు కింద పెట్టుకునే చాపముక్కలా మందంగా ఉంది. “ఇదేమిటే, పిల్లకు దుప్పటా, కాఫీకి పీటా?” అని తనే నవ్వింది.

అందుకని కుట్టు పేరుతో ఆగకుండా, చేతి కదలికను రాసి పంపండి. ఈ వ్యాసంలో డబుల్ క్రోషే అంటే ఇది: సూది మీద దారాన్ని ఒకసారి చుట్టి, సందులోకి సూదిని దించి దారం లాగితే సూది మీద మూడు పోగులు ఉంటాయి, దారం పట్టి రెండు పోగుల్లోంచి లాగండి, మళ్ళీ దారం పట్టి మిగిలిన రెండింటిలోంచి లాగండి. పది సెకన్ల వీడియో తీసి పంపితే ఇంకా మేలు.

చదరం అల్లే క్రమం

మ్యాజిక్ రింగ్, అంటే కొస లాగితే బిగుసుకునే దారపు ఉంగరం వేసి 3 చైన్లు అల్లండి. ఇవి మొదటి డబుల్ క్రోషే కింద లెక్కకు వస్తాయి. అదే రింగులో మరో 2 డబుల్ క్రోషేలు వేస్తే ఒక గుత్తి పూర్తవుతుంది. తర్వాత 2 చైన్లు, 3 డబుల్ క్రోషేలు చొప్పున మూడుసార్లు వేయండి. చివరగా 2 చైన్లు వేసి, మొదట్లో వేసిన మూడు చైన్లలో పైదానికి స్లిప్ స్టిచ్‌తో కలపండి. రింగు కొసను గట్టిగా లాగి నడుమ రంధ్రాన్ని మూసేయండి. ఇప్పుడు 4 గుత్తులు, నడుమ 4 మూలసందులు ఉంటాయి.

ఇక్కడే పనిని పేజీ తిప్పినట్టు వెనక్కి తిప్పండి. ప్రతి చుట్టుకూ తిప్పకుండా ఒకే వైపు అల్లుకుంటూ పోతే చదరం మెల్లగా ఒక పక్కకు మెలి తిరుగుతుంది. రెండు చుట్లలో తెలియదు, ఐదో చుట్టుకు తెలుస్తుంది. తిప్పాక మీరు ఇప్పుడే వేసిన 2 చైన్ల సందు సూదికి ఆనుకునే ఉంటుంది. అందులోకి స్లిప్ స్టిచ్‌తో దిగి 3 చైన్లు, 2 డబుల్ క్రోషేలు వేయండి. తర్వాతి మూడు మూలల్లో ఒక్కోదాంట్లో 3 డబుల్ క్రోషేలు, 2 చైన్లు, మళ్ళీ 3 డబుల్ క్రోషేలు వేయండి. బయలుదేరిన మూలకు తిరిగి వచ్చాక అందులోనే 3 డబుల్ క్రోషేలు, 2 చైన్లు వేసి మొదటికి కలపండి. రెండో చుట్టులో 8 గుత్తులు రావాలి.

మూడు, నాలుగు చుట్లు కూడా ఇంతే. మూలల్లో జంట గుత్తులు, పక్కల్లో గుత్తికీ గుత్తికీ మధ్య ఉన్న ప్రతి సందులో ఒక్కో గుత్తి వేయాలి. మూడో చుట్టుకు 12, నాలుగో చుట్టుకు 16 గుత్తులు లెక్క తేలాలి. చాలా నమూనాల్లో పక్క గుత్తుల మధ్య ఒక చైను వేయమని ఉంటుంది. పసిపిల్లల వేళ్ళు సందుల్లో ఇరుక్కునే అవకాశం తగ్గించడానికి నేను ఆ చైను వేయను.

నాలుగో చుట్టు పూర్తికాగానే ఆపి, 15 సెంటీమీటర్ల కొస ఉంచి దారం తెంపండి. ఐదో చుట్టు మీరు వేయకండి, చదరాలన్నీ అతికే ఆ నాలుగో వ్యక్తే దాన్ని వేస్తారు.

కొసలు దాచే పని ఎవరి చదరానికి వారే చేయాలన్నది మా ఒప్పందాల్లో ఒకటి. మొద్దు సూదిలో కొసను ఎక్కించి కుట్ల వెనకగా ఒక వైపుకు, తిరిగి వెనక్కి, మళ్ళీ మొదటి వైపుకు దూర్చండి. ముడి వేసి కత్తిరిస్తే నూలు రెండు ఉతుకులకే జారుతుంది. చదరానికి రెండు కొసల చొప్పున 48 చదరాలకు 96 కొసలు. అతికే మనిషి ఒళ్ళో అవన్నీ వేస్తే ఆ స్నేహం ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేను.

చేతి బిగువు

నాలుగు చుట్లకు చదరం 11 సెంటీమీటర్లు రావాలి. మొదట ప్రతివారూ ఒక్క చదరమే అల్లి, నీళ్ళలో తడిపి, తువ్వాలులో చుట్టి నీరు తీసి, నీడలో ఆరాక కొలబద్ద పక్కన పెట్టి ఫొటో పంపాలి. తడపక ముందు కొలిచిన కొలతను లెక్కలోకి తీసుకోకండి. నూలు తడిసి ఆరినప్పుడే అసలు పరిమాణానికి వస్తుంది.

కొలత 11కి అర సెంటీమీటరు అటూఇటూ ఉంటే ఏమీ మార్చనక్కరలేదు. అంతకన్నా చిన్నది వస్తే 4.5 మిల్లీమీటర్ల సూదికి, పెద్దది వస్తే 3.5కి మారి మళ్ళీ ఒకటి అల్లి చూడండి. చెయ్యి బిగించు, చెయ్యి వదులు చెయ్యి అని ఎవరికీ చెప్పకండి. చేతి బిగువు నడక లాంటిది. చెబితే నాలుగడుగులు మార్చుకుంటారు, తర్వాత పాత నడకే. రాత్రి సీరియల్ చూస్తూ అల్లిన చదరానికీ, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని అల్లినదానికీ ఒకే మనిషి చేతిలోనే తేడా వస్తుంది. సూది మార్చమంటే ఎవరూ నొచ్చుకోరు కూడా. మా బృందంలో అందరికన్నా బిగువుగా అల్లే మా పక్కింటి వదినగారు చాలాకాలం తన పని బాగా లేదేమోనని చదరాలు చూపించేవారే కాదు. 4.5 సూది ఇచ్చిన రోజునుంచి ఆవిడ చదరాలే అన్నిటికన్నా తీరుగా వచ్చాయి, ఎందుకంటే బిగువు చేతికి నిలకడ ఎక్కువ.

ఈ విషయంలో నాకు పాఠం చెప్పింది నరసాపురం దగ్గరి పల్లెలో పెరిగిన మా పిన్నిగారు. చిన్నప్పటినుంచీ 40 నంబరు దారంతో, చివర ఉందో లేదో తెలియనంత సన్నని కొక్కెం ఉన్న ఉక్కు సూదితో లేసు అల్లిన చేయి ఆవిడది. నా అల్యూమినియం సూదిని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, “ఇది సూదేనటే అమ్మాయ్, అట్లకాడ కాదూ?” అన్నారు. తర్వాత ఎడమచేతి చూపుడువేలికి దారాన్ని రెండు చుట్లు చుట్టి, చిటికెనవేలి కిందనుంచి జారనిస్తూ, చేతివైపు చూడకుండానే నాలుగు చుట్లు అల్లి ఇచ్చారు. కొలిస్తే సరిగ్గా 10 సెంటీమీటర్లు. రెండోది కూడా 10. మూడోదీ అంతే.

అతుకుపని ఒకే చేతికి

నరసాపురం, పాలకొల్లు పరిసరాల లేసు పనిలో పువ్వులు అల్లేవారు వేరు, వాటిని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేసేవారు వేరు. ఆ కలిపే పనిని అతుకుపని అంటారు. క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో అక్కడికి చేరిన ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకిది తీరిక వేళల ముచ్చట. అక్కడి స్త్రీలకు ముక్క లెక్కన వచ్చే కూలి, అదీ చాలా తక్కువ కూలి. వారి పద్ధతిని వాడుకునేటప్పుడు ఆ సంగతి తెలిసి వాడుకోవడం న్యాయం. అనేక ఇళ్ళ నుంచి వచ్చిన పువ్వులను ఒకే చేయి అతకడం వల్లే ఆ బల్లగుడ్డ ఒకే మనిషి అల్లినట్టు కనిపిస్తుందని పిన్నిగారు చెప్పాక, మేము ఐదో చుట్టునూ అతుకునూ పూర్తిగా ఒక్కరికే అప్పగించాం.

అలా చేయడంలో రెండు లాభాలున్నాయి. నాలుగు చుట్ల చదరాల్లో మిగిలిపోయిన కొద్దిపాటి తేడాలు మీగడ రంగు చుట్టులో సర్దుకుంటాయి; చిన్న చదరానికి కుట్లను కొంచెం వదులుగా, పెద్దదానికి కొంచెం దగ్గరగా వేయడం ఒకే మనిషికి చేతిలోనే తెలుస్తుంది. చదరాల మధ్య గీతలన్నీ ఒకే బిగువుతో ఉంటే కన్ను వాటినే చూస్తుంది కానీ లోపలి తేడాలను చూడదు.

అతికే ముందు 48 చదరాలనూ నేల మీద పరిచి, రంగుల అమరిక నచ్చేదాకా మార్చుకుని, ఫొటో తీసుకుని, వరుస నంబరు రాసిన చీటీలతో ఎనిమిది కట్టలుగా కట్టండి. ఒకరి చదరాలన్నీ ఒకే మూల చేరకుండా నలుగురివీ కలగలపండి. చేతుల తేడా అలా చెదిరిపోతుంది.

మొదటి చదరానికి ఐదో చుట్టు మామూలుగానే పూర్తిచేయండి. 20 గుత్తులు, పక్కకు 15 డబుల్ క్రోషేలు వస్తాయి. రెండో చదరానికి ఐదో చుట్టు వేస్తూ, మొదటిదానికి ఆనే పక్క వచ్చినప్పుడు మూలలో 2 చైన్లకు బదులు 1 చైను వేసి, సూదిని మొదటి చదరం మూలసందులోకి దించి స్లిప్ స్టిచ్ వేసి, మరో 1 చైను వేయండి. ఆ పక్క పొడవునా ప్రతి గుత్తి పూర్తికాగానే ఎదురుగా ఉన్న సందులోకి ఒక స్లిప్ స్టిచ్ వేసి తర్వాతి గుత్తికి వెళ్ళండి. పక్క చివర మూలలో కూడా 1 చైను, స్లిప్ స్టిచ్, 1 చైను. ఇలా చదరాన్ని పూర్తిచేయడం, అతకడం ఒకేసారి జరిగిపోతాయి. నాలుగు చదరాలు కలిసే చోట, మొదటి రెండూ కలిసిన స్లిప్ స్టిచ్‌లోకే మిగతా రెండింటినీ కలిపితే నడుమ రంధ్రం పడదు. స్లిప్ స్టిచ్‌ను బిగించి లాగకండి, అతుకు బిగిస్తే దుప్పటి ఆ గీత వెంట ముడుచుకుంటుంది.

నా చేతికి ఒక్కో చదరం చివరి చుట్టుకు, అతుకుకు కలిపి పావుగంట పట్టింది. అంటే మొత్తం 12 గంటలు, రోజుకు గంట చొప్పున పన్నెండు రోజులు. అందుకే అతికే వ్యక్తికి 6 చదరాలే ఇవ్వమన్నాను. మిగతావారి గడువును కూడా శుభకార్యానికి మూడు వారాల ముందుకు పెట్టండి. ఎవరికైనా ఇంట్లో పనులు మీదపడి చదరాలు ఆగిపోతే కారణాలు అడగకుండా రెండో మూడో మరొకరికి మార్చేయండి. తర్వాతి దుప్పటికి ఆ స్థితిలో ఎవరుంటారో ఎవరికి తెలుసు.

అంచు, ఉతుకు, అప్పగింత

చుట్టూ డబుల్ క్రోషేతో రెండు లేక మూడు చుట్లు వేసి, 3 సెంటీమీటర్ల వెడల్పు వచ్చాక ఆపండి. మూలల్లో ఎప్పటిలాగే 2 చైన్లు ఉంచండి. కుచ్చులు, ముత్యాలు, వేలాడే పువ్వులు ఎంత ముచ్చటగా ఉన్నా పసిపిల్లల దుప్పటికి పెట్టకండి. పోగు వేలికి చుట్టుకున్నా, ముత్యం ఊడి నోట్లోకి వెళ్ళినా ప్రమాదం. ఏడాది నిండని పిల్ల నిద్రపోయేటప్పుడు పక్కలో విడి దుప్పట్లు ఉంచవద్దని పిల్లల వైద్యులు చెబుతారు కాబట్టి, ఇది ఒళ్ళో కప్పడానికీ ఆటకూ మాత్రమేనని తల్లికి చెప్పి ఇవ్వండి.

పూర్తయ్యాక చల్లని నీటిలో, తేలికైన సబ్బుతో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాళ్ళలో చుట్టి నొక్కి, పక్కా నేల మీద పాత దుప్పటి పరిచి దాని మీద నాలుగు మూలలూ సరిచేసి నీడలో ఆరబెట్టండి. దండెం మీద వేస్తే తడి నూలు బరువుకు నిలువుగా సాగిపోతుంది. పిన్నిగారి అలవాటు ప్రకారం లేసుకు గంజి పెడతారు, ఈ దుప్పటికి మాత్రం అక్కరలేదు.

ఇచ్చే రోజున దుప్పటి మడతలో ఒక చిన్న సంచి పెట్టండి. అందులో నలుగురి రంగుల దారం తలా కొన్ని మీటర్లు, మీగడ రంగు ఒక చిన్న ఉండ, ఎవరికీ సరిపోక మిగిలిపోయిన ఒకటి రెండు చదరాలు, ఎలా ఉతకాలో చేత్తో రాసిన చీటీ ఉండాలి. ఎప్పుడైనా ఒక పోగు తెగితే దాన్ని పట్టుకుని లాగకుండా, పిన్నీసుతో ఆపి, నలుగురిలో దగ్గరగా ఉన్నవారికి పంపమని ఆ చీటీలోనే రాయండి.